పండుగనాడు తెరచిన అంగడి

తెలుగులో సెలవు అనునది విచిత్రమైన మాట. పెద్దలు సెలవిచ్చిరన్న అది ఆజ్ఞ. అతిథి సెలవు పుచ్చుకొనెనన్న అది వీడ్కోలు. బడిపిల్లవాని నోట అదే ఆటవిడుపు. ఈ మూడింటను అంతర్గతముగా ఒక భావము కలదు. సెలవు ఒకరు ఇచ్చునది, మరియొకరు పుచ్చుకొనునది. ఎవరికి వారు కల్పించుకొనునది కాదు. తమిళులు ఈ మాటనే ఖర్చు అను అర్థమున వాడుదురు. గుమాస్తా వచ్చి సెలవడిగినపుడు అంగడి యజమాని చెవికి ఆ మాట తెలుగున వినబడునో తమిళమున వినబడునో చెప్పుట కష్టము.

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము బెంగుళూరు రైలుదారి వెంట వరుసగా నున్న పట్టణములు. 2022 ఏప్రిల్ వరకు అనంతపురము జిల్లాలోనివి; ఆ పిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. మూడింటి వర్తకము మూడు తీరులది. ఒకటి పట్టుచీరల ఊరు, ఒకటి పాత రాజధాని, ఒకటి సరిహద్దు సంత. అయినను ఆదివారమునాడును పండుగనాడును తలుపు తీయవలెనా, మూయవలెనా అను ప్రశ్న మూడు ఊళ్ళ వర్తకుల ముందును ఉన్నది. ఆ ప్రశ్నకు వర్తకుడు చెప్పు జవాబును బట్టి గుమాస్తా ఇంట పండుగ జరుగుటయో, జరుగకుండుటయో నిర్ణయమగును.

ధర్మవరమున క్రియాశక్తి ఒడయరు చెరువు కట్టించి, తన తల్లి ధర్మాంబ పేర ఊరు వెలయించెనని చెప్పుదురు. ఇచ్చటి పట్టుచీరలకును పావడాలకును భౌగోళిక గుర్తింపు కలదు. నేతవారికి విశ్రాంతి దినము క్రొత్త విషయము కాదు. తెలుగుదేశమున చాలచోట్ల నేతవారు, కంసాలులు, వడ్రంగులు అమావాస్యనాడు పనిముట్టు పట్టకుండుట తరతరాల వాడుక. దానిని ఏ శాసనసభయు ఆమోదింపలేదు, ఏ అధికారియు వచ్చి తనిఖీ చేయలేదు. కన్నడసీమ అంచున సోమవారమునాడు ఎద్దు మెడపై కాడి మోపని రైతులు కలరు. మగ్గమునకు అమావాస్య ఉన్నది, ఎద్దునకు సోమవారమున్నది. ఆ మగ్గముపై నేసిన చీరను అమ్ము మనిషికి మాత్రము ఆచారము ఏ దినమును కేటాయింపలేదు. ఏలయన ఆచారములు ఏర్పడిన నాటికి దుకాణ గుమాస్తా అను వృత్తి ఇంతగా లేదు. అంగడిలో కూర్చుండువాడు వర్తకుడు, లేదా అతని కొడుకో అల్లుడో. వారి పండుగ వారి చేతిలోనిదే. నెలజీతమునకు పరుల అంగడిలో నిలుచు మనుష్యులు వందలకొలది ఏర్పడిన పిమ్మట ఈ చిక్కు వచ్చినది.

చీరల దుకాణములో గుమాస్తా పని చూచువారికి తేలికగా తోచును. నీడపట్టున నిలిచి చీరలు చూపుటయే కదా అనుకొందురు. పెండ్లి ముహూర్తములు దగ్గరపడిన ఆదివారము ఉదయమున కార్లలో కుటుంబములు దిగును. పెండ్లికూతురు, తల్లి, మేనత్త, పిన్ని, వీరందరికి నచ్చవలసిన చీర ఒకటి కావలెను. గుమాస్తా అరలోనుండి ఒక్కొక్క చీర తీసి, కొంగు పరచి, అంచు చూపి, రంగు వెలుతురులో త్రిప్పి చూపును. ఎరుపు చూపిన నీలము అడుగుదురు. నీలము తీసిన మొదటి ఎరుపే మేలందురు. ఏబది చీరలు విప్పిన పిమ్మట రేపు వచ్చెదమని లేచిపోవువారును ఉందురు. కొనువారు లేచిరి, అతని పని లేవలేదు. విప్పిన ఏబది చీరలను జరీ నలగకుండ మరల మడతపెట్టి, ఏ అరలోనిది ఆ అరలో చేర్చవలెను. అందుచేతనే దుకాణపు పని గంటలను బజారువైపు నుండి లెక్కింపరాదు. బజారువారికి తలుపు దించిన ధ్వనియే పని ముగిసిన గుర్తు. లోపలివారికి అది రెండవ పని మొదలైన గుర్తు.

ఇదంతయు నిలిచి చేయు పని. కేరళమున వస్త్రదుకాణములలోని స్త్రీలు తమకు పని నడుమ కూర్చుండు హక్కు కావలెనని కోళిక్కోడు మొదలుగా ఏండ్ల తరబడి ఆందోళన చేయగా, 2018లో అక్కడి దుకాణముల చట్టమును సవరించి ఆసనము ఏర్పరచుట యజమాని విధిగా చేసిరి. తమిళనాడు 2021లో అట్టి సవరణయే చేసినది. ఒక పీట వేయించుటకు శాసనసభ సమావేశము కావలసివచ్చిన వృత్తి ఇది. అట్టి వృత్తిలో వారమునకొక దినపు విశ్రాంతి మర్యాదకొరకు ఇచ్చునది కాదు, కాళ్ళు అడుగునది.

ఇక పెనుకొండ. 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధము పిమ్మట తిరుమలరాయలు విజయనగరమును విడిచి రాజధానిని ఇచ్చటకు మార్చెను. అంతకు ముందు, సుమారు 1520లో, విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పేస్ ఆ నగరమున ప్రతిదినము ఒక్కొక్క పేటలో సంత జరుగుచుండెనని వ్రాసెను. నేడు ఒక పేట, రేపు మరియొక పేట. సంత పద్ధతిలోని ఈ విశేషమును చరిత్ర పాఠములు అంతగా పట్టించుకొనవు. ఊరిలో అమ్మకము ఏనాడును ఆగదు. అయినను ఏ ఒక్క పేటయు దినదినము కోలాహలములో మునిగియుండదు.

నేటి పెనుకొండకు కోటకంటె కార్ఖానా వలన పేరు ఎక్కువ. సమీపమున ఎర్రమంచి వద్ద కియా కంపెనీవారి కర్మాగారమున 2019 నుండి కార్లు తయారగుచున్నవి. దాని వెంట అనుబంధ పరిశ్రమలు, అద్దె ఇండ్లు, భోజనశాలలు, క్రొత్త దుకాణములు వచ్చినవి. కార్ఖానా కార్మికునకు వారపు సెలవు స్థిరపడి చాల కాలమైనది. బొంబాయి మిల్లు కార్మికుల నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే ప్రయత్నము ఫలించి 1890 జూన్ 10న అక్కడి మిల్లులలో ఆదివారము సెలవు దినమైనది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకొక విశ్రాంతి దినమును దేశమంతటి కార్ఖానాలకు నియమముగా చేసినది. ఆ సెలవునాడు కార్మికుడేమి చేయును? వారమంతయు తీరిక లేక వాయిదా వేసిన పనులకై భార్యాబిడ్డలతో బజారునకు పోవును. బ్యాంకు ఉద్యోగియు అంతే, ఉపాధ్యాయుడును అంతే. ఇందు వారి తప్పు లేదు. సెలవు లేని దినమున వారికి బజారు చూచు వీలే లేదు. ఇట్లు ఊరిలో తొమ్మండుగురికి దొరికిన విశ్రాంతి పదియవవానికి పెనుభారమగుచున్నది. ఆ పదియవవాడు అంగడి గుమాస్తా.

చట్టము ఈ సంగతి ఎరుగకపోలేదు. మిల్లునకు ఒక గంట, ఒక గేటు ఉండును; గంట కొట్టి గేటు మూసిన వేలమందికి ఒక్కసారిగా సెలవు. అంగళ్ళు అట్లు కావు. ఊరినిండ చెదరియున్న వేయి తలుపులను ఒకే దినమున మూయించుట ఎట్లు? 1942లో వచ్చిన వారపు సెలవుల చట్టము ఇందుకు తొలియత్నము. అది ప్రభుత్వము ప్రకటించిన చోట్ల మాత్రమే వర్తించునది. తరువాత మద్రాసు దుకాణముల, సంస్థల చట్టము 1947లో వచ్చినది. అనంతపురము జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రములోనిది గనుక ఈ మూడు ఊళ్ళకును అదే చట్టము. ప్రతి దుకాణమును వారమున ఒక దినము పూర్తిగా మూసియుంచవలెననియు, ఆ దినమేదో కాగితముపై వ్రాసి అందరికి కనబడుచోట శాశ్వతముగా నుంచవలెననియు, మూడు నెలలలో ఒకసారికంటె ఎక్కువగా ఆ దినమును మార్చరాదనియు అందు విధించిరి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట 1966లో ఒక చట్టమును, దాని స్థానమున 1988లో మరియొక చట్టమును చేసిరి. జాతీయ దినములకును పండుగలకును సంబంధించి 1974లో వేరొక చట్టము వచ్చినది. పండుగ సెలవునాడు పని చేయించుకొన్నచో రెట్టింపు వేతనమో, లేక వేతనముతోపాటు మారుగా మరియొక సెలవో ఇయ్యవలెను.

ఈ చట్టములను జాగ్రత్తగా చదివినవారికి వాటిలో రెండు వేరువేరు విశ్రాంతులు గోచరించును. ఒకటి మనిషి విశ్రాంతి: పనివానికి వారమున ఒక దినము పని లేదు. రెండవది అంగడి విశ్రాంతి: ఆ దినమున తలుపే తెరువరాదు. మొదటిది ఉన్నచో రెండవది ఎందుకని అడుగవచ్చును. పైపైన చూచిన ఈ ప్రశ్న సమంజసమే. ఇప్పటి వాదమంతయు ఈ ప్రశ్న చుట్టునే తిరుగుచున్నది గనుక హిందూపురము వరకు పోయి జవాబు వెదకవలెను.

హిందూపురము చింతపండునకు, మిరపకాయలకు, బెల్లమునకు ప్రసిద్ధమైన సంత. అక్కడనే పట్టుగూళ్ళ మార్కెట్టును ఉన్నది. పట్టుపురుగు గూడల్లిన తరువాత పది పన్నెండు దినములకు చిలుకగా మారి గూటిని తొలచుకొని వెలుపలికి వచ్చును. తొలచిన గూటినుండి ఒక్క పోగుగా దారము తీయుటకు వీలులేదు. ఆలోగా రైతు గూళ్ళను మార్కెట్టునకు చేర్చవలెను, కొన్నవారు ఆవిరిపట్టవలెను. లోపలి పురుగునకు ఆదివారము తెలియదు, ఉగాది తెలియదు. పాలు, మందులు, ప్రయాణికుల భోజనము కూడ ఇట్టివే. వీటిని సెలవు దినమున ఆపుట సాధ్యము కాదని ఎవ్వరైనను ఒప్పుకొందురు. అయితే ఆ గూటి దారము ధర్మవరము చేరి, అద్దకమై, మగ్గమెక్కి, చీరయై అరలో కూర్చున్న పిమ్మట దానికి తొందర ఏమి యున్నది? అది పండుగ మరునాటికి పాడగునది కాదు. తొందర చీరది కాదు, ప్రక్క అంగడిది.

ప్రక్క అంగడి హిందూపురమున ఒక్కొక్కప్పుడు ప్రక్క రాష్ట్రములో నుండును. ఊరు దాటిన కొద్దిసేపటికే కర్ణాటకము. బెంగుళూరు నూరు కిలోమీటర్ల దూరము. దుకాణములు ఏడాది పొడవున 365 దినములు తెరచియుంచుటకు అనుమతించు నమూనా చట్టమును కేంద్ర మంత్రివర్గము 2016 జూన్‌లో ఆమోదించి రాష్ట్రములకు పంపినది. తమిళనాడు 2019లోను, కర్ణాటకము 2021 జనవరిలోను పదిమంది, లేదా అంతకు మించి పనివారున్న దుకాణములు రాత్రింబవళ్ళు, అన్ని దినములును తెరచియుంచుటకు మూడేండ్ల అనుమతి నిచ్చినవి. తెలంగాణము 2023 ఏప్రిల్‌లో అట్టి దారియే పట్టినది. ఈ ఉత్తరువులు పనివానిని విస్మరింపలేదు. ప్రతివానికిని వంతులవారీగా వారమునకొక సెలవు ఇయ్యవలెనని కర్ణాటకపు ఉత్తరువులోనే కలదు. అనగా అంగడి విశ్రాంతి పోయినది, మనిషి విశ్రాంతి నిలిచినది.

వర్తకుని పక్షమును కూడ వినుట న్యాయము. తాను మూసిన దినమున కొనువాడు ఊరకుండడని అతనికి తెలియును. బెంగుళూరునకు రైలెక్కును, లేదా ఇంట కూర్చుండి చేతిలోని ఫోనుపై వ్రేలు నొక్కును. ఆ ఫోను దుకాణమునకు తలుపే లేదు. తలుపు లేనిదానిని వారమునకొకసారి మూయించు చట్టమెక్కడిది? సరకును ఇంటికి తెచ్చు యువకుడు పండుగనాడు మరింత ఎక్కువగా తిరుగును. ఇక చిన్న అంగడివాని స్థితి గుమాస్తా స్థితికంటె మేలైనది కాదు. భార్యాభర్తలు ఇద్దరే నడుపు కిరాణా కొట్టులో వంతులవారీ సెలవు అను మాటకు అర్థమే లేదు. వారిలో ఎవరు విశ్రమించినను రెండవవారికి రెండు పనులు. అంగళ్ళన్నియు ఒకే దినమున మూసిననాడు వారికి గిరాకీ నష్టము లేదు. ఆనాటి కొనుగోలుదారు మరునాడు వచ్చును. ఒక్కడు తెరచిననాడు తక్కినవారందరు తెరువవలసి వచ్చును. తెరచిన పిమ్మట మొత్తము అమ్మకము అంతగా పెరుగదు, ఏలయన ఊరివారి చేతిలోని డబ్బు పెరుగలేదు. ఆరు దినముల అమ్మకము ఏడు దినములకు పరచుకొనును, అంతే. అంగడి విశ్రాంతి అను నియమమును పెట్టినవారు గుమాస్తాతోపాటు ఈ చిన్న వర్తకుని కూడ కాపాడినారు. ఆ సంగతి గుమాస్తాలు గుర్తించినంతగా వర్తకులు గుర్తింపకపోవుట ఆశ్చర్యము.

జర్మనీలో ఈ విషయము రాజ్యాంగమువరకు పోయినది. ఆదివారమును, ప్రభుత్వము గుర్తించిన పండుగలును విశ్రాంతి దినములుగా రక్షింపబడునని 1919 నాటి వైమార్ రాజ్యాంగమున వ్రాసిన వాక్యమును 1949 నాటి రాజ్యాంగమున కూడ నిలుపుకొనిరి. క్రిస్మస్‌కు ముందు వచ్చు నాలుగు ఆదివారములును అంగళ్ళు తెరచుటకు బెర్లిన్ నగరము చేసిన చట్టమును 2009 డిసెంబరు 1న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానము చెల్లదనెను. అందరికి ఒకే మతదినము లేని మన దేశమున ఆ తీర్పును ఉన్నదున్నట్లు తెచ్చుకొనలేము. హిందూపురపు బజారులో ఉగాదికి ఇంటనుండగోరువాడును, రంజానుకు ఇంటనుండగోరువాడును ప్రక్కప్రక్కనే నిలిచి అమ్ముదురు. ఒకని పండుగకు మరియొకడు నిలిచి, మారు పండుగకు మారు తీర్చుకొనుట గుమాస్తాలు తమలో తాము చేసికొన గలిగిన ఏర్పాటు. దానిలో ఒక అందమును కలదు. కాని రెండు పండుగలకును ముందు రాత్రులలోనే గిరాకీ మిక్కిలి హెచ్చు గనుక ఆ ఏర్పాటునకు యజమాని తల ఊపుట అరుదు.

పండుగనాటి రెట్టింపు వేతనము సంగతియు ఇట్టిదే. ఆ డబ్బు కావలసినవారు, సంతోషముగా పనికి వచ్చువారు లేకపోలేదు. అప్పున్న ఇంట పండుగకంటె రెండు దినముల జీతము ప్రియము. అయితే రెట్టింపు చేతికందుటకు ఆనాడు పనిచేసినట్లు పుస్తకములో వ్రాసియుండవలెను. పెద్ద సంస్థలలో హాజరు యంత్రమే పట్టుకొనును. పదిమంది కంటె తక్కువ మంది పనిచేయు అంగడిలో హాజరుపుస్తకము యజమాని చేతిలోనిది. వ్రాయుమని అడుగవలసినవాడు ఆ యజమానినే మరునాడు వంద రూపాయలు బదులడుగవలసినవాడు. ఇష్టమైనవాడు పని చేయవచ్చును, ఇష్టము లేనివాడు మానవచ్చును అని చట్టము పలికిన స్వేచ్ఛ ఇచ్చట మాటకే మిగులును.

ఇక వంతులవారీ సెలవు. లెక్కకు అది పూర్తి సెలవే: వారమునకొక దినము, జీతము కోత లేదు. ఈ లెక్కను ఒక దేశమంతయు పరీక్షించి చూచినది. 1929లో సోవియట్ రష్యాలో యంత్రములు ఒక్క దినమైనను ఆగరాదని ఎంచి, ఆదివారమును తొలగించి, ఐదు దినముల వారము నేర్పరచిరి. కార్మికులను ఐదు భాగములుగా పంచి ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క దినము సెలవిచ్చిరి. విశ్రాంతి దినముల సంఖ్య తగ్గలేదు సరికదా, పెరిగినది. ఏడింట ఒకటి కాక ఐదింట ఒకటి. అయినను భర్త సెలవు ఒకనాడు, భార్య సెలవు మరియొకనాడు, స్నేహితుల సెలవు వేరొకనాడు అయినందున ఇంటిల్లిపాది కలిసి కూర్చుండు దినము లేకపోయినది. యంత్రములను సరిచూచుటకు కూడ అవి ఆగిన దినము లేకపోయెను. 1931లో ఆ పద్ధతిని విడిచి ఆరు దినములకొకసారి అందరికి ఒకే సెలవు పెట్టిరి. 1940 జూన్‌లో ఏడు దినముల వారమును, ఆదివారపు సెలవును మరల తెచ్చుకొనిరి.

మంగళవారము వంతు పడిన హిందూపురపు గుమాస్తాకు రష్యా కథ తెలియనక్కరలేదు. ఆదివారమునాడు అతని పిల్లలు ఇంటనుందురు, అతడు అంగడిలో నుండును. మంగళవారమునాడు అతడు ఇంటనుండును, పిల్లలు బడిలో నుందురు. ప్రొద్దెక్కువరకు నిద్రించి, బియ్యపు మిల్లునకో బ్యాంకునకో పోయి వచ్చి, భార్య పనికి పోయిన ఇంటిలో ఒంటరిగా భోజనము చేయును. సాయంకాలము బడి విడుచు వేళకు గేటువద్దకు పోయి నిలుచుండును. కొడుకు పుస్తకముల సంచి తాను మోయుచు ఇల్లు చేరువరకు ఆ వారములో వారిద్దరికి దొరకిన సమయము అదియే.